పోశవ్వ రేవులో జోడు విడిన పిస్తోలు

పెళ్లిచూపుల్లో మామగారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "ఆర్మరర్ అంటే ఏం పని బిడ్డా?" అని. తుపాకులకు వైద్యం చేస్తానని చెప్పాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "మరి బాగైనంక గవి మంచోని చేతికే పోతయని నమ్మకమేంది?" అన్నాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏ అధికారీ నన్ను ఇంత సూటిగా అడగలేదు. పిల్లనైతే ఇచ్చాడు గాని, ఆ ప్రశ్నకు జవాబు నేను ఇప్పటికీ బాకీనే.

పోలీసు ఆయుధశాలలో కొత్తగా చేరే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఏ నూనె మంచిది, ఏ స్ప్రింగు ఎన్నాళ్లు మన్నుతుంది అని అడుగుతారు. అవి పుస్తకాల్లో దొరుకుతాయి. దొరకనివి కొన్ని ఉన్నాయి, వాటి కోసమే ఇది రాస్తున్నాను. నాకెప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎక్కడికి బదిలీ అయింది అన్నవి మా ఇంటావిడకే గుర్తులేవు, మీకెందుకు?

ఉస్తాద్ చెప్పిన మొదటి పాఠం

పోలీసు చర్య ముగిసిన కొత్తలో కరీంనగర్‌లో పనిలో చేరాను. ఊళ్లలో దండోరా వేయించి ఆయుధాలన్నీ అప్పగించమన్నారు. బండ్లకొద్దీ వచ్చాయి. నాటు బందూకులు, తల్వార్లు, జంబియాలనే వంకర బాకులు, ఒరలేని కత్తులు, కత్తిలేని ఒరలు. పశువుల కొట్టం లాంటి పెద్ద గదిలో కట్టెల మోపుల్లా పడేశారు. ఏది పనికొస్తుంది, ఏది పాత ఇనుము అని వేరుచేయడం నా పని.

నా పైన ఒక ఉస్తాద్ ఉండేవాడు. నిజాం కాలం నుంచి ఆ పనిలోనే ముసలివాడైన మనిషి. కోపం ముక్కు మీదే ఉండేది. నేను మొదటిరోజు ఒక పాత పిస్తోలు తీసుకుని, తుప్పు చూసి అసహ్యమేసి, గరుకు కాగితంతో రుద్దబోయాను. వెనక నుంచి వీపు మీద ఒక్కటి పడింది.

"అరే మియా! ముసలోని మొఖం మీది ముడతలు గీకుతవా? గా ముడతలు పోతే ఎవడు గుర్తుపడ్తడు వాన్ని?"

తర్వాత చల్లబడి నేర్పించాడు. తుప్పు రెండు రకాలు. ఎర్రగా పొడి రాలేది ఇనుమును తినేస్తుంది, దాన్ని ఆపాలి. నూనె, చేతి చెమట, ఏళ్ల గాలి కలిసి వక్కరంగులో పట్టేది మాత్రం పొర. అది పిస్తోలు వయసుకు సాక్షి. సేకరించేవాళ్లు మొదట చూసేది ఆ పొరనే. అది ఉంటే కళ్లకద్దుకుంటారు. పోతే, వెండితో చేసినదైనా పక్కన పెడతారు.

మన దగ్గర ఆ పొరకు పెద్ద శత్రువు దసరా పండుగ. ఆయుధపూజ అనగానే ఇంట్లో ఉన్న ఇనుమంతా బయటికి తీసి, చింతపండుతో, ఇటుక పొడితో తోమి తళతళలాడించి, పసుపూ కుంకుమా పెడతారు. గరిటెకూ అదే తోముడు, కత్తికీ అదే, తాతల నాటి పిస్తోలుకూ అదే. కరీంనగర్ దగ్గర ఒక దొరగారి ఇంట్లో మూడు తరాలుగా అట్లా తోమిన పిస్తోలు ఒకటి ఉండేది. హైదరాబాద్ నుంచి ఒక పెద్దమనిషి దాన్ని చూడటానికే కారేసుకుని వచ్చాడు. చేసినవాడి పేరు చెక్కిన చోట చెంచా వెనక భాగంలా నున్నగా ఉంది. ఆయన భూతద్దం జేబులో పెట్టుకుని, చాయ్ తాగి వెళ్లిపోయాడు.

దొరగారికి కోపం వచ్చింది. "మేం భక్తితోని తోమినం, గాయనకేం తెలుసు!" అన్నాడు. అక్కడే ఉన్న ఉస్తాద్ మొహమాటపడలేదు. "దొరా, దేవునికి భక్తి చాలు, ఇనుముకు నూనె కావాలె" అన్నాడు. ఇద్దరిలో ఎవరిది తప్పని నన్నడిగితే చెప్పలేను. పండుగకు తోమకుండా ఉంచితే ఆ ఇంట్లో అది పూజకు పనికిరాదు. తోమితే సేకరించేవాడికి పనికిరాదు. ఒకే వస్తువు ఇద్దరికి రెండు తీర్లుగా విలువైనప్పుడు, ఎవరి చేతిలో ఉందో వాళ్ల లెక్కే చెల్లుతుంది.

పెంటకుప్పలో పండిన పాతదనం

ఆదిలాబాద్ జిల్లాకు వచ్చాక సేకరణ పిచ్చి ఉన్నవాళ్లను దగ్గర్నుంచి చూశాను. వాళ్లను తక్కువగా అంచనా వేయకండి. కొందరు డాబుకు కొంటారు. కొందరికి అది నిజమైన ప్రేమ. తేడా పట్టుకోవడం తేలికే. డాబు మనిషి పిస్తోలును మనకేసి గురిపెట్టి చూపిస్తాడు. ప్రేమ ఉన్నవాడు రెండు అరచేతుల మీదా పెట్టి చూపిస్తాడు.

భైంసాలో ఒక పత్తి సేటు ఉండేవాడు, మరాఠీ కలిసిన తెలుగు మాట్లాడేవాడు. ఎవరో ఆయనకు ఒంటి గుండు పిస్తోలు ఒకటి అంటగట్టి, రెండు వందల ఏళ్ల నాటిదని నమ్మించారు. లైసెన్సు అవసరమా కాదా తేల్చమని నన్ను పిలిచాడు. చేతిలోకి తీసుకోగానే వాసన వచ్చింది. కొత్త ఇనుమును పెంటకుప్పలో నాలుగు నెలలు పాతిపెట్టి తీస్తే అట్లాంటి రంగు వస్తుంది. వాసన మాత్రం ఒక పట్టాన పోదు.

"సేటూ, దీని వయసు పోయిన వానాకాలం" అన్నాను.

"అరే బాబా, జర మెల్లగ! మా బావమరిది ఇన్నడంటే నా ఇజ్జత్ పోతది" అని తలుపు వేశాడు. ఆ బావమరిదే దాన్ని అమ్మించాడని తర్వాత తెలిసింది.

ఒంటి గుండు పిస్తోలుకు అంత మోజు ఎందుకని పిల్లలు అడుగుతారు. ఆరు గుళ్ల రివాల్వరు యంత్రం మీద వేల కొద్దీ తయారవుతుంది. పాత ఒంటి గుండుది ఒక్కొక్కటీ ఒక మనిషి కూర్చుని చేసింది. ఒకసారి పేలిస్తే మళ్లీ మందు కూరి, గజం అనే కడ్డీతో దట్టించి, నిప్పు రాజేసే రాగి టోపీ పెట్టేదాకా అది ఉత్త కర్రతో సమానం. ఉన్నది ఒక్క అవకాశమే కనుక చేసినవాడు ఆ ఒక్కదాని కోసం ప్రాణం పెట్టేవాడు. వీటిని జోడుగా చేసేవారు, ఒకే ఇనుము, ఒకే కర్ర, ఒకే చేయి. కాలక్రమంలో జోడు విడిపోతుంది. విడిన జోడులో ఒకటి దొరికినవాడికి రెండోదాని ధ్యాస పట్టుకుంటే ఇక నిద్ర ఉండదు. అట్లాంటి మనిషిని ఒకరిని చూశాను. ఇక అసలు సంగతికి వస్తాను.

డాక్టరు గారి ధ్యాస

శ్రీరాంపూర్ వైపు సొంతంగా దవాఖాన పెట్టుకున్న డాక్టరు గారు ఒకరుండేవారు. గుంటూరు వైపు నుంచి వచ్చినవారు. చేయి మంచిదని పేరు. పేదవాళ్ల దగ్గర ఫీజు అడిగేవారు కాదు. పాత ఆయుధాలు సేకరించేవారు. అన్నింటిలోకీ ప్రాణప్రదమైనది ఒక ఒంటి గుండు పిస్తోలు. ఎనిమిది పలకల గొట్టం, చేతిపిడి కర్రలో సన్నటి వెండి తీగతో పొదిగిన ఆకులు, గొట్టం అడుగున ఒకటి అంకె. ఒకటి ఉందంటే రెండు కూడా ఉండాలి. దానికోసం ఆయన హైదరాబాద్ పాత హవేలీలన్నీ తిరిగారు.

చివరికి అది ఆయన ముంగిట్లోనే దొరికింది. కలరా సూదులు వేయడానికి లక్సెట్టిపేట అవతల ఒక గోదావరి రేవుకు వెళ్తే, పడవవాళ్ల గుడిసెలో దూలానికి వేలాడుతున్న సొరకాయ బుర్రలో నుంచి చేతిపిడి బయటికి కనిపించింది. వెండి ఆకులు అవే. అడుగున రెండు అంకె ఉంది.

ఆ ఇంటి మనిషి పేరు పోశవ్వ. బెస్తవాళ్లు. భర్త పోయాక రేవు బాధ్యత ఆమె మీద పడింది. డాక్టరు గారు ఎంత అడిగినా ఆమె ఇవ్వనంది. అడిగినంత ఇస్తానన్నా వినలేదు.

ఆ తర్వాత డాక్టరు గారు మా ఇన్‌స్పెక్టరు దగ్గరికి వచ్చారు. ఇన్‌స్పెక్టరు పేరు రాయను. చెడ్డవాడు కాదు. ఆయన భార్యకు కాన్పు కష్టమైతే తల్లినీ బిడ్డనూ దక్కించింది ఈ డాక్టరు గారే. ఆ ఋణం తీర్చుకునే దారి కోసం చూస్తున్నాడు. మంచి మనుషుల చేత తప్పుడు పని చేయించేది చాలాసార్లు కృతజ్ఞతే. లంచమైతే కనీసం సిగ్గుపడతారు.

నన్ను పిలిచి అన్నాడు: "కొత్త చట్టం ఒచ్చింది తెల్సుగదా. లైసెన్సు లేని పిస్తోలు. నువ్వు పోయి చూసి, పని జేసే ఆయుధమని రాయి. జప్తు జేస్తం. వేలంల డాక్టరు సాబ్ తీస్కుంటడు. ఎవ్వరికి నష్టం?"

"చూడంగనే రాస్త సార్. చూడకముందు రాయరాదు" అన్నాను.

"చూసినంక గూడ గదే రాస్తవు" అన్నాడు నవ్వుతూ.

నేను నవ్వలేదు. పాత ఆయుధం విషయంలో చట్టం అడిగేది ఒక్కటే: మరమ్మతు చేసైనా సరే, దానితో కాల్చగలమా? కాల్చలేమంటే అది పురాతన వస్తువు, ఎవరింట్లోనైనా ఉండవచ్చు. కాల్చగలమంటే ఆయుధం. దానికి జవాబు చెప్పేది ఆర్మరర్. కలెక్టరుకైనా నా కాగితం చూడందే చెప్పే వీల్లేదు. ఆ రోజే మనసులో గట్టిగా అనుకున్నాను, ఇనుము ఏం చెబితే అదే రాస్తానని.

గుడిసె ముందర జోడు కలిసింది

శ్రావణమాసం. గోదావరి నిండుగా, ఎర్రగా పోతోంది. ఇన్‌స్పెక్టరు, డాక్టరు గారు, నేను జీపులో రేవుకు చేరుకున్నాం. మాది ఆదిలాబాద్ గట్టు, అవతలిది కరీంనగర్ గట్టు. పడవ అవతల ఉంది. వరద కాలంలో ఇవతలి గట్టును నీళ్లు కోస్తాయి, పడవ నిలవదు. అవతల ఒక మడుగు ఉంది, దానిలో కట్టేస్తారు. పోశవ్వ కొడుకు రాజలింగు అక్కడే గుడిసె వేసుకుని ఉంటాడు. తల్లి ఇవతల, కొడుకు అవతల.

పోశవ్వ బక్కపలచని మనిషి. మమ్మల్ని చూసి కంగారుపడలేదు. నులక మంచం వాల్చి కూర్చోమంది.

"తెల్సు సారూ, దానికోసమే ఒచ్చిన్రు. చూడున్రి. చూస్తె అరుగదు" అని బుర్రలోంచి తీసి నా చేతికిచ్చింది. "మందు కూరి ఉన్నది, పైలం. వానకాలమంత కూరే ఉంటది."

పొర అనేది లేదు. తరతరాలు దసరాకు చింతపండుతో తోమినట్టుంది, గొట్టం పాల తపేలాలా మెరుస్తోంది. గొట్టం మూతిలో వేలు పెట్టబోతే దూరలేదు. లోపల ఒక మందపాటి ఇత్తడి కట్టు. మందు చిన్న గరిటెతో పోయవచ్చు, కాగితం ఉండ కుక్కవచ్చు, గుండు మాత్రం పట్టదు.

"ఇదేందవ్వా?" అన్నాను.

"మా అత్తకు అత్త పెట్టిచ్చింది. ఇద్దరు కొడుకులు రేవు పంపకం కాడ కొట్టుకున్నరట. ఒకడు దీన్ని అందుకున్నడట. గామె తెల్లారంగనే కంచరాయన తానికి పోయి, దీని మూతి కట్టెయ్యి నాయినా, మోత మాత్రం ఉంచు అన్నదట. గప్పటిసంది ఇది మోత సామానే సారూ, తుపాకి కాదు."

పోలీసు చర్య అప్పుడు పోశవ్వ అత్త దీన్ని అప్పగించడానికి పట్టుకుపోయిందట. అక్కడి అధికారి మూతి చూసి నవ్వి, తీసుకపో అన్నాడట. నోటి మాటే, కాగితం లేదు.

డాక్టరు గారు తన పెట్టె తెరిచి ఒకటో అంకె పిస్తోలు తీశారు. మంచం మీద రెండింటినీ పక్కపక్కన పెట్టారు. ఒకటి వక్కరంగులో, మరొకటి తెల్లగా. వెండి ఆకులు మాత్రం ఒకే చేతి పని, ఇందులో కుడివైపు వంగితే అందులో ఎడమవైపు. దాచడమెందుకు? అన్నేళ్ల పనిలో అంత అందమైన జోడు నేను చూడలేదు.

పోశవ్వ కూడా వంగి చూసింది. "అక్కచెల్లెండ్ల తీరున్నయి" అంది మెల్లగా.

"అందుకేనమ్మా అడిగేది" అన్నారు డాక్టరు గారు. "రెండింటినీ ఒకచోట ఉంచుతాను. ఆ ఇత్తడి కట్టు తీయించి, గొట్టానికి మళ్లీ పాత రంగు పట్టిస్తాను. నీకు దీని బదులు పెద్ద గంట పెట్టిస్తాను, బొగ్గు గని దగ్గర మోగేలాంటిది."

"గంట చూసినం సారూ. డప్పు చూసినం. కొమ్ము ఊదినం. గాలికి కొట్టుకపోతది మోత. దీనిది నీళ్లమీంచి పాక్కుంట పోతది." ఆమె నది వైపు చూపించింది. "గీ నీళ్లల్ల పడవ నడువదు. నడుపొద్దు. కాని ఎవలకన్న పాణం మీదికొస్తే, కాన్పు అడ్డం తిరిగినా, పాము కుట్టినా, వాగు పొంగి మంచిర్యాల తొవ్వ బందుంటది, నది దాటి అవతలి దవాఖానకే పోవాలె. గప్పుడు ఇది పేలుస్త. పేలిందంటె నా కొడుకు రావాలె. గంతే. ఇంకో దేనికి పేల్చం. దసరకు గూడ పేల్చం."

నేను కాలిపర్ తీసి గొట్టం మందం కొలిచాను. మధ్యలో తాటాకు కంటే కొంచెమే ఎక్కువ. ఇటుక పొడి తినేసింది. ఆ ఇత్తడి కట్టు కోసి తీసి గుండు వేసి కాలిస్తే, మొదటి దెబ్బకే పేలి కాల్చినవాడి చేయి తీసుకుపోతుంది. మందం పెంచే మరమ్మతు లేదు. కొత్త గొట్టం వేయవచ్చు, అప్పుడది ఈ పిస్తోలు కాదు. ఇనుము తన మాట చెప్పేసింది. తోముడును ఉస్తాద్ జీవితమంతా తిట్టాడు. ఇక్కడ ఆ తోముడే దీన్ని కాపాడింది.

"సార్, ఇది ఆయుధం కాదు. మరమ్మతు జేసినా కాదు" అన్నాను.

ఇన్‌స్పెక్టరు ముఖం మాడిపోయింది. "పేలుతదా, పేలదా?"

"మోత ఒస్తది సార్. గుండు పోదు."

"పేలే దాన్ని పేలుతదని రాస్తె అయిపాయె. ఇటు దే, చూస్త."

"పరీక్ష ఠాణా మైదానంల జేద్దాం సార్. ఇక్కడ వద్దు" అని నేను వెనక్కి జరిగాను. పోశవ్వ అడ్డం వచ్చింది. "సారూ, నీ కాల్మొక్త, గిక్కడ పేల్చకు. పేలిస్తె వాడొస్తడు."

"ఒకసారికి ఏం కాదు" అని నా చేతిలోంచి లాక్కుని, పిస్తోలు సుత్తి వెనక్కి గుంజి, ఆకాశంలోకి చూపి మీట నొక్కేశాడు.

మోత

అంత చిన్న వస్తువు నుంచి అంత మోత వస్తుందని నేనే అనుకోలేదు. గట్టు మీది కొంగలన్నీ లేచాయి. మోత నీళ్లమీంచి అవతలికి పోయి, అక్కడి గుట్టకు తగిలి మళ్లీ వచ్చింది.

అవతలి గుడిసెలోంచి ఒక మనిషి పరుగెత్తుకొచ్చాడు. ఇటు తిరిగి చూడనైనా లేదు. మడుగులోంచి పడవ విప్పి నీళ్లలోకి తోశాడు.

"వద్దు! వద్దురా! రాకు!" అని ఇన్‌స్పెక్టరు టోపీ ఊపాడు. డాక్టరు గారు కండువా ఊపారు. నేను గొంతు చించుకున్నాను. మనిషి గొంతు అక్కడిదాకా వినిపిస్తే పిస్తోలు ఎందుకు? మనుషులు చేతులు ఊపుతున్నారంటే తొందర పెడుతున్నారనే అతడు అనుకుని ఉంటాడు. ఆ రేవులో రమ్మనడానికి గుర్తు ఉంది. రావద్దనడానికి ఏ గుర్తూ లేదు, ఎన్నడూ అవసరం పడలేదు.

పడవ నడి ధారలోకి రాగానే పక్కకు తిరిగింది. వేర్లతో సహా ఒక పెద్ద చెట్టు కొట్టుకొస్తోంది. రాజలింగు గడ వదిలి తెడ్డు అందుకున్నాడు. చెట్టు పడవ అంచును రాసుకుంటూ పోయింది. కాసేపు మాకు పడవ కనబడలేదు. ఇన్‌స్పెక్టరు పిస్తోలు చేతిలో పట్టుకునే ఉన్నాడు, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. పోశవ్వ ఏడవలేదు. చీర కుచ్చెళ్లు దోపి, "కిందికి కొట్టుకపోతడు, తుమ్మల కాడ పట్టుకోవాలె, ఉర్కున్రి!" అని ముందు తనే పరుగు తీసింది.

మేమూ బురదలో పరుగెత్తాం. తుమ్మచెట్ల దగ్గర పడవ మళ్లీ కనిపించింది. రాజలింగు తాడు విసిరాడు. డాక్టరు గారు, నేను పట్టుకున్నాం. ఇన్‌స్పెక్టరు పిస్తోలును ఒక చేత్తో పైకెత్తి, మొలలోతు నీళ్లలోకి దిగి రెండో చేత్తో పడవ ముక్కు పట్టుకున్నాడు. అది కూడా రాయాలి, లేకపోతే అన్యాయం.

రాజలింగు గట్టు మీదికి దూకాడు. తాడు జారి రెండు అరచేతులూ ఒరుసుకుపోయి నెత్తురు కారుతోంది. తన చేతులు చూసుకోలేదు. మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశాడు.

"ఎవలకు? యాడ పండవెట్టిన్రు? మనిషికి తెలివున్నదా?"

అతడు తల్లి వైపు తిరిగాడు.

"అడుగుతున్న గదనే అవ్వా! ఎవలకు పాణం మీదికొచ్చింది?"

డాక్టరు గారు చెప్పారు. "ఎవరికీ లేదు బాబూ. మాకోసం పేల్చారు. చూద్దామని."

రాజలింగుకు ఆ మాట మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అక్కడే బురదలో కూర్చున్నాడు. డాక్టరు గారు జీపులోంచి సంచి తెప్పించి, అతని ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, అరచేతులు కడిగి మందు రాశారు. కళ్లనీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు.

పోశవ్వ ఇన్‌స్పెక్టరు చేతిలోంచి పిస్తోలు తీసుకుంది. ఆమె గొంతు లేవలేదు.

"సారూ, నా కొడుకు బతికొచ్చిండు, గంగమ్మ దయ. కాని నువ్వు చేసింది గది కాదు. ఇయ్యాల్టిదాక పేలిందంటె వాడు ఆలోచించలే. ఇగ రేపు పేలినప్పుడు, నిజంగనేనా, ఎవలన్న ఉత్తగ పేల్చిన్రా అని ఒక్క గడియ ఆగుతడు. గా ఒక్క గడియల ఎవలో పోతరు. గా నష్టం ఎవలకు కట్టిస్తవు?"

జవాబు రాజలింగు ఇచ్చాడు, కట్టు కట్టించుకుంటూనే, తల్లి మీద విసుక్కుంటూ.

"ఏం మాట్లాడుతున్నవే అవ్వా! పేలితె వస్త. ఉత్తదా నిజమా అని గట్టు మీద నిలవడి లెక్కలేసుకుంటనా? ముందుగాల్ల దాంట్ల మందు కూరు. మొగులు మల్ల పడ్తున్నది."

ఆమె గుడిసెకు తిరిగొచ్చి మందు పోసి, కాగితం ఉండ కుక్కి, రాగి టోపీ పెట్టింది.

నేను జీపు బానెట్ మీద కాగితం పరిచి రిపోర్టు రాశాను. గొట్టం పలచబడింది, మూతి కట్టేసి ఉంది, మరమ్మతు చేసినా గుండు కాల్చడానికి పనికిరాదు, కాబట్టి లైసెన్సు అవసరం లేదు. అంతవరకే నా అధికారం. ఆ రోజు నా అధికారం దాటి ఇంకో వాక్యం చేర్చాను: ఈ వస్తువును ఈ రేవు నుంచి ఎవరూ, ఏ కారణం చేతా తీసుకుపోకూడదు. అట్లాంటి వాక్యం రాసే హక్కు ఆర్మరర్‌కు లేదు. మీకూ ఉండదు. రాయాల్సి వస్తే రాయండి.

డాక్టరు గారు చదివి, "ఇంకోసారి స్పష్టంగా రాయండి, ముఖ్యంగా ఆ చివరిది" అన్నారు. దిద్ది రాశాను.

కాగితం ఇన్‌స్పెక్టరు ముందు పెట్టాను. ఆయన బట్టల నుంచి నీళ్లు కారుతున్నాయి. చివరి వాక్యం దగ్గర ఆగి, నా ముఖం చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. జేబులోని పెన్ను తడిసి రాయకపోతే నా పెన్ను అడిగి తీసుకుని సంతకం చేశాడు. ఆ తర్వాత పోశవ్వ దగ్గరికి నడిచి వెళ్లి, ఆ కాగితాన్ని తన చేత్తోనే ఆమెకిచ్చాడు.